నూటికి ఎనభై చాలన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఫోను చార్జింగ్ దగ్గర రెండు పార్టీలు ఉంటున్నాయి. పెద్దవాళ్ళు "నిండా ఎక్కనీ, సగంలో పీకొద్దు" అంటారు. పిల్లలేమో "ఎనభై దగ్గర ఆపెయ్యమ్మా, బ్యాటరీ పాడవుతుంది" అంటారు. మా సోమందేపల్లెలోనూ ఇదే తంతు. మా అత్త ఫోనుకు నూరు కనబడితే గానీ వైరు తియ్యదు. మా అబ్బాయి ఎనభై కాగానే పరిగెత్తుకొచ్చి తీసేస్తాడు. మధ్యలో స్విచ్ వేసేదీ, ఆపేదీ నేనే కాబట్టి, ఈ రెండు మాటలూ ఎక్కడ పుట్టాయో చదివి తెలుసుకుందామనుకున్నాను. చదివాక అర్థమైంది, రెండూ నిజమేనని. కాకపోతే ఒకటి పాత బ్యాటరీల మాట, ఇంకొకటి కొత్త బ్యాటరీల మాట.

ముందు మా నేల సంగతి చెప్పాలి. పాత అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి మా వరకు శ్రీ సత్యసాయి జిల్లా, వానకు మొహం వాచిన చోటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. అదీ అదునులో పడదు. అందుకే ఇక్కడి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పకుండానే ఒక బుద్ధి వస్తుంది: వచ్చినప్పుడే నింపి పెట్టుకో. కొళాయి వచ్చిందంటే బిందెలు, బకెట్లు, తపేలాలు, ఆఖరికి చెంబులు కూడా నిండాల్సిందే. రేపు వస్తుందో రాదో ఎవరికి తెలుసు?

ఈ బుద్ధి నిన్నమొన్నటిది కాదు. మాకు పక్కనే ఉన్న పెనుకొండ విజయనగర రాజులకు ముఖ్యమైన ఊరు. 1388లో పెనుకొండను ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు, నీటి పనుల్లో ఆరితేరిన సింగయభట్టును పిలిపించి, నది నీళ్ళను కాలువ తవ్వించి పెనుకొండకు తెప్పించాడని శాసనం ఉంది. బుక్కపట్నం చెరువు ఇప్పటికీ బుక్కరాయల పేరు మోస్తోంది. అయితే ఆ కాలపు పనివాళ్ళు నీళ్ళు నింపడం ఒక్కటే చూసుకోలేదు. చెరువుకు మరువ కూడా పెట్టారు. కోస్తా వాళ్ళు దాన్నే అలుగు అంటారు. నీళ్ళు ఒక మట్టానికి రాగానే మిగిలినవి మరువ మీదుగా బయటికి పోతాయి, కట్ట నిలుస్తుంది. కరువు ఏడాదిలో మరువ లేకున్నా చెరువుకేమీ కాదు. వాన బాగా పడిన ఏడాదే కట్ట తెగుతుంది. ఈ మరువను కాస్త గుర్తు పెట్టుకోండి, బ్యాటరీ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నీళ్ళ తర్వాత కరెంటు కూడా మాకు అలాగే వచ్చింది, వచ్చినప్పుడు వచ్చినట్టు. 2004లో రైతులకు ఉచిత కరెంటు మొదలైనా, పొలానికి త్రీఫేజ్ వంతుల్లోనే వచ్చేది, ఒక్కోసారి అర్ధరాత్రి. 2012, 2013 సంవత్సరాల్లో రాష్ట్రమంతా కోతలే. పల్లెల్లో రోజులో ఎక్కువ గంటలు చీకటే. కరెంటు రాగానే వీధి వీధంతా కదిలేది. ఒకరు మోటారు వేస్తే, ఒకరు మిక్సీలో కారం పట్టేవారు, ఇంకొకరు ఎమర్జెన్సీ లైటూ ఫోనూ ఒకే ప్లగ్గుకు తగిలించేవారు. అలాంటి రోజుల్లో "ఎనభై దగ్గర ఆపు" అని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. 2014 అక్టోబరు 2న మన రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటల కరెంటు పథకం మొదలైంది. క్రమంగా కోతలు తగ్గాయి. నిండా నింపే చెయ్యి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇది అలవాటు ఒక్కటే కాదు. మన ఇళ్ళలోకి వచ్చిన పాత బ్యాటరీలు కూడా మనకు అదే పాఠం చెప్పాయి. వాటిని వరసగా చూద్దాం.

మొదట వచ్చింది రేడియో సెల్లు, టార్చిలైటు సెల్లు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే చేసిన తడి సెల్లును, 1886లో జర్మనీలో గాస్నర్ అనే వైద్యుడు పొడి సెల్లుగా మార్చాడు. మన నెల్లూరు జిల్లాలో తయారయ్యే నిప్పో సెల్లులు కూడా ఆ వంశానివే. దీనికి చార్జింగ్ అన్నదే లేదు, అయిపోతే పారెయ్యడమే. అయినా మా అవ్వల కాలంలో అంత తేలిగ్గా పారేసేవాళ్ళు కాదు. వార్తలు వినే వేళకు రేడియో గొణగడం మొదలుపెడితే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్ళు. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఇంకో పూట పాడేది. చూశారా, ఎండ బ్యాటరీకి మంచిదనే నమ్మకం అప్పుడే మొదలైంది! ఆ సెల్లుకు ఒక పూట వరకు అది నిజమే.

తర్వాతిది ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీ. సీసం, ఆమ్లం కలిసిన ఈ బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టాడు. చార్జింగ్ పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగిన మొదటి బ్యాటరీ ఇదే. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్ళు చేసే అమరాన్ బ్యాటరీలు ఈ జాతివి. దీన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద గట్టి పొర కట్టుకుపోయి, మళ్ళీ చార్జ్ ఎక్కదు. అందుకే ఇన్వర్టరు పెట్టడానికి వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఒకే మాట చెబుతారు: "ఎప్పుడూ నిండుగా ఉంచండి, నీళ్ళు చూసుకోండి." ఆ బ్యాటరీకి అదే సరైన మాట.

మూడోది నికెల్ బ్యాటరీ. స్వీడన్‌లో యుంగ్నర్ 1899లో నికెల్, కాడ్మియంతో చేశాడు. కార్డ్‌లెస్ ఫోన్లలో, పిల్లల రిమోట్ కార్లలో ఉండేది ఇదే. దీని గుణం వేరు. ప్రతిసారీ సగం వాడి సగంలోనే చార్జింగ్ పెడితే, అంతవరకే తన పని అనుకున్నట్టు మిగతా సగం ఇవ్వడం మానేసేది. ఉపగ్రహాల్లో వాడిన బ్యాటరీల దగ్గర ఈ సంగతి మొదట బయటపడింది. దాన్ని బ్యాటరీ జ్ఞాపకం అన్నారు. కాబట్టి "పూర్తిగా అయిపోనిచ్చి, పూర్తిగా ఎక్కించు" అనే సూత్రం పుట్టింది. మొదటి తరం సెల్‌ఫోన్లలో కూడా నికెల్ బ్యాటరీలే ఉండేవి. 2000లో వచ్చిన నోకియా 3310తో ఇచ్చింది నికెల్ రకమే. "మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టండమ్మా, అంతవరకు ముట్టుకోవద్దు" అని షాపువాళ్ళు చెప్పేవారే, ఆ మాట ఈ బ్యాటరీది.

ఇంతలో ఎవరికీ చెప్పకుండా లోపలి బ్యాటరీ మారిపోయింది. 2003లో నోకియా 1100 వచ్చింది. టార్చిలైటు ఉన్న ఆ చిన్న ఫోను మన పల్లెల్లో తిరగని చోటు లేదు. అందులో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. షాపు మాట మారలేదు, మన చెయ్యీ మారలేదు. పాత బ్యాటరీకి చెప్పిన పత్యం కొత్త బ్యాటరీకి పెడుతూ వచ్చాం.

ఈ లిథియం బ్యాటరీ వెనక ముగ్గురి పని ఉంది. 1970ల్లో పెట్రోలుకు ప్రపంచమంతా కటకటలాడుతున్నప్పుడు విట్టింగ్‌హామ్ అమెరికాలో మొదలుపెట్టాడు. 1980లో గుడినఫ్ ఇంగ్లండులో దాని బలం పెంచాడు. 1985లో జపాన్‌లో యోషినో దాన్ని ఇంట్లో వాడుకోగలిగినంత భద్రంగా తయారుచేశాడు. 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ముగ్గురికీ కలిపి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ గారి వయసు 97 ఏళ్ళు.

లోపల జరిగేది మన మాటల్లో చెప్పుకుందాం. బ్యాటరీలో రెండు గదులున్నాయనుకోండి. చార్జ్ చేస్తే లిథియం కణాలు ఒక గది వదిలి రెండో గదిలో సర్దుకుంటాయి, వాడుతుంటే మళ్ళీ మొదటి గదికి వస్తాయి. రెండో గది కిటకిటలాడేదాకా నింపితే లోపలి ఒత్తిడి, అంటే వోల్టేజి, సుమారు 4.2 వోల్టుల దాకా పోతుంది. ఆ స్థితిలో గంటల తరబడి ఉంటే మధ్యలోని ద్రవం కొద్దికొద్దిగా చెడి, పలకల మీద పొరలు కట్టి, లిథియం అందులో చిక్కుకుపోతుంది. పోయిన లిథియం తిరిగి రాదు. వేడి తోడైతే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. ఎండాకాలంలో దోసె పిండి గిన్నె అంచు దాకా పోసి ఎవరైనా పెడతారా? పొంగడానికి చోటు వదులుతాం కదా. చెరువుకు మరువ ఎందుకో, పిండి గిన్నెలో ఖాళీ ఎందుకో, ఈ బ్యాటరీకి ఎనభై కూడా అందుకే.

ఈ జాతి బ్యాటరీకి కొంచెం జాగ్రత్త అవసరమని మన జనానికి మొదటిసారి తెలిసింది 2007 ఆగస్టులో. నోకియా బీఎల్-5సీ అనే బ్యాటరీల్లో ఒక సరఫరాదారు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కవచ్చని చెప్పి, కంపెనీయే మార్చి ఇస్తానంది. మన దేశంలోనూ జనం ఫోను వెనక మూత తీసి నంబర్లు చూసుకుని, సర్వీస్ సెంటర్లకు పరుగులు తీశారు. అప్పటిదాకా బ్యాటరీ అంటే ఫోనులో ఒక నల్లముక్క, అంతే.

మరి ఎనభై అనే హద్దు ఎక్కడ మొదలైంది? బల్ల మీద ఎప్పుడూ వైరుకు తగిలించి ఉండే లాప్‌టాపుల దగ్గర. థింక్‌ప్యాడ్ లాంటి ఆఫీసు లాప్‌టాపుల్లో ఇంత దాటి ఎక్కించొద్దని హద్దు పెట్టుకునే వీలు ఫోన్లకంటే చాలా ముందే ఉండేది. తర్వాత కార్ల వంతు. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్ అనే కరెంటు కారులో బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే 80 శాతం దగ్గర ఆపుకోండని ఒక ఏర్పాటు ఇచ్చారు. 2012 వేసవిలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఆ కార్లు కొన్నవాళ్ళు, బ్యాటరీ బలం అనుకున్నదానికంటే త్వరగా పడిపోతోందని గోలపెట్టారు. చల్లటి ఊళ్ళలో అదే కారు బాగానే ఉంది. బ్యాటరీకి వేడి ఎంత శత్రువో లోకానికి తెలిసిన సందర్భం అది.

ఫోన్లలోకి ఇది నెమ్మదిగా వచ్చింది. 2019లో ఆపిల్ ఫోన్లు రాత్రంతా చార్జింగ్‌లో ఉంటే 80 దగ్గర ఆగి, మనం లేచే వేళకు మిగతాది ఎక్కించడం మొదలుపెట్టాయి. 2021 నాటికి శాంసంగ్ ఫోన్లలో 85 దగ్గర ఆపే ఏర్పాటు కనిపించింది. 2023లో వచ్చిన ఐఫోన్ 15లో 80 దాటకుండా గట్టి హద్దు పెట్టుకునే వీలు కల్పించారు. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అయితే ఇది చట్టం. అక్కడ అమ్మే కొత్త రకం ఫోన్లలో 80 దగ్గర ఆగే ఏర్పాటు ఉండాలి, దానివల్ల లాభమేమిటో కొన్నవాళ్ళకు చెప్పాలి, 800 సార్లు చార్జ్ చేసి వాడాక కూడా బ్యాటరీలో 80 శాతం బలం మిగలాలి. పిల్లలు నోట పట్టుకున్న ఎనభై వెనక ఇంత కథ ఉంది.

ఇక మన ఎండ సంగతి. బ్యాటరీల గురించి అందరికీ అర్థమయ్యేలా రాసే బ్యాటరీ యూనివర్సిటీ అనే కెనడా వాళ్ళ పట్టిక ఒకటి ఉంది. లిథియం బ్యాటరీని ఏమీ వాడకుండా ఒక ఏడాది ఊరికే పెట్టి ఉంచితే ఎంత బలం మిగులుతుందన్నది లెక్క. 25 డిగ్రీల చల్లదనంలో 40 శాతం చార్జ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది, నూరు చార్జ్‌తో ఉంచితే 80. అదే 40 డిగ్రీల వేడిలో 40 శాతం చార్జ్‌తో ఉంచితే 85 మిగులుతుంది, నూరు చార్జ్‌తో ఉంచితే 65 మాత్రమే. చివరి అంకె మళ్ళీ చదవండి. నిండా చార్జ్, 40 డిగ్రీల వేడి, రెండూ కలిస్తే ఏడాదిలో మూడో వంతుకు పైగా పోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 40 డిగ్రీలు వింత కాదు. రేకుల ఇంట్లో, కిటికీ గట్టు మీద, బండి ట్యాంక్ కవర్లో ఫోను ఉన్నచోట ఇంకా ఎక్కువే ఉంటుంది. అంటే ఎనభై అనే మాట లండన్‌లో ఉన్నవాళ్ళకంటే సోమందేపల్లెలో ఉన్న మనకే ఎక్కువ అవసరం.

ఇదంతా ఆడవాళ్ళకెందుకు చెబుతున్నానంటే, ఇంట్లో బ్యాటరీ అరిగిపోయిన ఫోను చివరికి ఎవరి చేతికి వస్తుందో ఒకసారి ఆలోచించండి. కొత్త ఫోను ఆయనకో, కాలేజీకి పోయే పిల్లవాడికో. పాతది అమ్మకు, అత్తకు. "నువ్వు బయటికి పోయేదేముంది, నీకిది చాలదా" అంటారు, అందులో దురుద్దేశమేమీ ఉండదు. కానీ మధ్యాహ్నం పన్నెండింటికే ఆరిపోయే ఫోనుతో మనం చెయ్యాల్సిన పనులు చూడండి. పొదుపు సంఘం మీటింగు కబురు అందులోనే. బ్యాంకు ఓటీపీ, గ్యాసు బుకింగు, పిల్లల స్కూలు మెసేజీలు అందులోనే. బెంగుళూరులో పనికి పోయిన మనిషి మాట్లాడేది కూడా ఆ ఫోనులోనే. 2020లో బడులు మూతపడ్డప్పుడు ఎంతోమంది పిల్లలు పాఠం విన్నది అమ్మ చేతిలోని ఆ పాత ఫోనులోనే. బ్యాటరీ మన్నితే ఇంట్లో ఎవరికి మేలో వేరే చెప్పాలా?

డబ్బు లెక్క కూడా చూద్దాం. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 12,000 రూపాయల ఫోనంటే 40 రోజులు ఎండలో మట్టి మోసిన కూలి. అప్పట్లో ఆ పథకంలో ఇంటికి దొరికే పని ఏడాదికి 100 రోజులుగా ఉండేది. ఫోను మిగతాదంతా బాగానే ఉండి, బ్యాటరీ ఒక్కటి పోయిందని రెండేళ్ళకు మార్చే బదులు ఇంకో ఏడాదో రెండేళ్ళో నడిపించగలిగితే, అది ఇంట్లోకి వచ్చిన ఆదాయమే.

అలాగని ఎనభై ఒక మడి ఆచారంలా పట్టుకోనక్కర్లేదు. బెంగుళూరు బస్సెక్కే రోజు, ఆసుపత్రికి పోయే రోజు, గాలివానకు కరెంటు పోతుందనిపించిన సాయంత్రం నిండా ఎక్కించుకోండి. ఫోను ఉన్నది మన కోసం. నిండిన గంటకు వాడకం మొదలైతే పెద్ద నష్టం లేదు. నష్టమంతా నిండా ఎక్కి, వేడిలో, గంటల తరబడి ఊరికే ఉండటంలోనే ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా దిండు కింద, దుప్పటి మడతలో వైరుతో పడుకునే ఫోనుకు జరిగేది అదే. దిండు కింద పెట్టడం ప్రమాదం కూడా. ఫోను వెనక వైపు ఉబ్బినట్టు కనబడితే ఇంక చార్జింగ్ పెట్టకండి, మార్పించండి.

చెయ్యాల్సినవి కొన్నే. ఫోను సెట్టింగుల్లో బ్యాటరీ అనే చోటికి పోయి చూడండి. 80 లేదా 85 దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే ఒకసారి పెట్టేస్తే చాలు, కాపలా కాయక్కర్లేదు. అలాంటిది లేని ఫోనైతే రాత్రి కాకుండా పొద్దున వంట చేస్తూ పెట్టండి. కుక్కరు దిగేసరికి చాలావరకు ఎక్కుతుంది, తీసేయొచ్చు. పొయ్యి గట్టు మీద మాత్రం వద్దు. 20 కంటే కిందికి తరచూ పోనివ్వకండి. ఎండలో నిలిపిన కారులో, బండిలో ఫోను వదలకండి. ఎప్పుడో ఒకసారి నూరు దాకా ఎక్కిస్తే ఫోను చూపించే శాతం లెక్క సరిగ్గా ఉంటుంది. పిల్లవాడు వాడని టాబ్ బీరువాలో దాచేటప్పుడు నిండా కాకుండా సగం చార్జ్‌తో దాచండి.

ఒక్క జాగ్రత్త. ఈ మాట అన్ని బ్యాటరీలకూ వర్తించదు. ఇన్వర్టరుకు, ట్రాక్టరుకు ఉన్న సీసం బ్యాటరీకి పెద్దవాళ్ళ మాటే సరి, నిండుగా ఉంచాలి. లిథియంలోనే ఐరన్ ఫాస్ఫేట్ అనే ఇంకో రకం ఉంది, కొన్ని కరెంటు బండ్లలో, కొత్త ఇన్వర్టర్లలో వస్తోంది. దాన్ని అప్పుడప్పుడు నిండా చార్జ్ చెయ్యమని తయారీదారులే చెబుతారు. కాబట్టి బండి కొన్నప్పుడు ఇచ్చే పుస్తకం చదవండి, లేదా పిల్లల చేత చదివించుకోండి.

ఈ సంగతులు ముందు ముందు ఇంకా అవసరమవుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా కారఖానా నుంచి 2025లో కరెంటు కారు కూడా బయటికి వచ్చింది. మా హైవే మీద చార్జింగ్ స్టేషన్లు, వీధుల్లో కరెంటు స్కూటర్లు కనిపిస్తున్నాయి. ఫోను బ్యాటరీ పోతే వేలల్లో నష్టం, బండి బ్యాటరీ పోతే అంతకు చాలా రెట్లు. ఫోను దగ్గర నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది.

మా అత్తకు ఇదంతా చెప్పాను. రేడియో సెల్లు, ట్రాక్టరు బ్యాటరీ, నోకియా ఫోను, వాటి గుణాలు వరసగా చెబితే శ్రద్ధగా వింది. "అయితే మేం చేసింది తప్పేం కాదన్నమాట" అంది. తప్పు కాదత్తా, అప్పటి బ్యాటరీలకు అదే సరైన పద్ధతి అన్నాను. ఇప్పుడు ఆమె ఫోనుకు 85 హద్దు పెట్టి ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు కూడా "మీకు తెలియదు" అని మొదలుపెట్టకండి. మీ కాలం బ్యాటరీ వేరు, ఇది వేరు అని చెప్పండి. వింటారు.